సర్వర్ల సంత – పన్నెండో భాగం: ఎవురూ సావలేదు, రాండి

కృపమణి చేటలో కందిపప్పు పోసుకొని రాళ్ళేరుతోంది. ఒళ్ళో చేట, ఎదురుగా పీట మీద ల్యాప్‌టాప్. రెండు రాళ్ళు తీసి గడప అవతలికి విసరడం, తెర మీద కొత్తగా వచ్చిన పేర్లు ఒకసారి చూడడం, మళ్ళీ పప్పులోకి తల వంచడం. ఎర్రగుంట్ల వైపు నుంచి గాలి వీచిందంటే నల్లబండపల్లెలో సిమెంటు దుమ్ము పడని వస్తువుండదు. అందుకని మధ్యమధ్యలో చున్నీ కొసతో తెర తుడుస్తోంది. వంటింట్లో తల్లి విశ్వాసమ్మ చింతపండు పిసుకుతోంది. ఆదివారం, ఏడున్నర దాటింది. ఎనిమిదిన్నరకు చర్చిలో మొదటి గంట, తొమ్మిదికి రెండో గంటా ఆరాధనా.

పోయిన వారం మనం వదిలిపెట్టినప్పుడు కృపమణి ఒక నిర్ణయానికి వచ్చి ఉంది. ఈ ఆదివారం దాకా చూసి, అప్పటికీ అన్న జాడ తెలియకపోతే సర్వర్ల సంతను మూసేయాలని. రేపటి నుంచి కర్నూలులో ఉద్యోగం. అక్కడ చేరాక రోజూ ఈ పని చూసుకోవడం కుదరదు. పదహారు నెలలు ఎదురుచూసింది. ఇంకొక్క పూట మిగిలింది.

సర్వర్ల సంత ఆమె సొంతంగా కట్టిన వెబ్‌సైటు. నలుగురూ కలిసి ఆడే దిమ్మెల ఆట ఒకటుంది. చిన్న చిన్న దిమ్మెలు పేర్చి అందులో ఇళ్ళు కట్టుకుంటారు, ఊళ్ళు కట్టుకుంటారు, ఒకరి మీదొకరు యుద్ధానికీ పోతారు. ఎవరైనా తమ కంప్యూటర్లో ఒక లోకాన్ని తెరిచిపెడితే, మిగతావాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి అందులో ఆడతారు. అట్లా తెరిచిపెట్టిన చోటే సర్వర్. అవి వేలల్లో ఉంటాయి. ఏది ఈ క్షణాన తెరిచి ఉందో, ఎందులో ఎంతమంది ఉన్నారో, ఏది నమ్మకంగా నడుస్తోందో ఆడేవాళ్ళకు తెలియాలి కదా. సంతలో నాలుగు అంగళ్ళు తిరిగి చూసినట్టు, కృపమణి పేజీలో రెండు సర్వర్లను పక్కపక్కన పెట్టి పోల్చి చూసుకోవచ్చు. తెరిచి ఉన్నదానికి పచ్చచుక్క, మూసి ఉన్నదానికి ఎర్రచుక్క.

అన్న నెహెమ్యా ఇల్లు వదిలిన నెలకే ఆమె దీన్ని మొదలుపెట్టింది. ఆమెకు కంప్యూటర్ నేర్పింది అన్నే. ఆ ఆట లేకుండా అన్న ఉండలేడు. ఆడాలంటే సర్వర్ కావాలి. సర్వర్ కావాలంటే ఎక్కడో ఒక పట్టికలో వెతుక్కోవాలి. ఆ పట్టిక తనదైతే ఎప్పుడో ఒకరోజు అన్న ఆ దారిన పోతాడు. పల్లెటూరి బడిలో చదివిన పిల్ల వేసుకున్న లెక్క అది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో తన పేరు కూడా పెట్టుకుంది. తండ్రికి మాత్రం 'ఆన్‌లైన్ పని' అని చెప్పింది. ఆట అనే మాట ఆ ఇంట్లో ఎవరూ పలకరు.

ఈ పూట వచ్చిన ఉత్తరాల్లో ఒక ఫిర్యాదు చదివి ఆమెకు నవ్వొచ్చింది.

"అమ్మా, ఇది విను. 'అక్కా, చంపుకోవడం లేని సర్వర్లు అని మీరు పెట్టిన వరసలో ఒకదాంట్లోకి పోయినాను. గంటలో పదకొండు సార్లు చచ్చిపోయినాను. అందులో మూడు సార్లు సాలెపురుగు చేతిలో. మీ సంతలో తూకాలు సరిగా లేవు.'"

"సాలెపురుగు చేతిలోనా?" వంటింట్లోంచి విశ్వాసమ్మ అంది. "దానికి చేతులు యాడుంటాయే?"

"ఆటలోలే అమ్మా."

కృపమణి ఆ సర్వర్ పేజీ తెరిచింది. పేరు 'నాపరాయి'. నాలుగు వారాల కిందట, పట్టికలో చేర్చమని వచ్చిన నలభై దరఖాస్తులతో పాటు హడావిడిగా ఒప్పుకున్నది. యజమాని తన సర్వర్ గురించి ఒక్క వాక్యం రాశాడు, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. చావు లేదు అన్నట్టు కనబడితే, సరే, చంపుకోవడం లేనిదేమో అని ఆ వరసలో పడేసింది. ఇంకో సంగతి కూడా ఇప్పుడే ఆమె కంట పడింది. ఈ సర్వర్ నమ్మకం లెక్క, అంటే నూటికి ఎంత సేపు తెరిచి ఉంటోందనేది, తొంభై ఎనిమిది దగ్గరే ఆగిపోయింది. వారమంతా పచ్చగా ఉండి, ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిదింపావుకు ఎర్రబడుతోంది. పదకొండుకు మళ్ళీ పచ్చబడుతోంది. కరెంటు పోతే ఇంత వేళ తప్పకుండా పోతుందా?

వరస మార్చే ముందు ఆ వాక్యాన్ని కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"ఎవురూ... సావలేదు... రాండి."

వంటింట్లో చింతపండు పిసికే చప్పుడు ఆగిపోయింది. విశ్వాసమ్మ చేతులకు చింతపండు గుజ్జుతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమెకు చదువు రాదు. నెలరోజులుగా కృపమణి కళ్ళు పట్టుకోలేనిది ఆ తల్లి చెవులు ఒక్కసారికే పట్టుకున్నాయి.

"ఇంగోసారి చెప్పు."

కృపమణి చెప్పలేదు. ఆమెకూ అప్పుడే వినబడింది. చేటలో పప్పు జారి ఒళ్ళో పడుతున్నా చూసుకోలేదు.

నల్లబండపల్లె చర్చిలో గంట రెండు రకాలుగా మోగుతుంది. ఆరాధనకైతే ఊపిరి తిప్పుకోకుండా గబగబా కొడతారు. ఎవరైనా చనిపోతే ఒక్క దెబ్బ కొట్టి, పది అంకెలు లెక్కపెట్టి, ఇంకో దెబ్బ కొడతారు. గంట కొట్టే పని మూడు తరాలుగా ఆ ఇంటిదే. నెహెమ్యాకు పన్నెండేళ్ళున్నప్పుడు తండ్రి దాసన్న మొదటిసారి వాడి చేతికి తాడిచ్చి, తాను లోపల చాపలు పరవడానికి పోయాడు. పిల్లవాడి బలం ఆ గంటకు చాలలేదు. ఒక దెబ్బ కొట్టి, తాడుకు వేలాడి, కిందికి దిగి, ఆయాసం తీర్చుకొని ఇంకో దెబ్బ కొట్టాడు. ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. ఒకాయన ముఖాన సగం సబ్బుతో, ఒకామె పిండి చేతులతో. ముసలివాళ్ళు అప్పుడే ఏడుపు ఎత్తుకున్నారు. అది చూసి బెదిరిపోయిన నెహెమ్యా గంటగది కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచాడు: "ఎవురూ సావలేదు, రాండి!"

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఊళ్ళో అదే పలకరింపు. వాడు బడి నుంచి వస్తుంటే, ఎదురైన ప్రతివాడూ "ఏమప్పా, ఎవురూ సావలేదు గదా?" అనేవాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది దాసన్నే. లారీ ఆపిన ప్రతి టీ అంగడిలో ఆ కథ చెప్పేవాడు.

పదహారు నెలల కిందట ఆ నవ్వు ఆగిపోయింది. పునరుత్థాన పండుగ నాడు దాసన్న లారీ దారిలో చెడిపోయింది. గంట కొట్టమని కొడుక్కి ఫోన్ చేసి చెప్పాడు. నెహెమ్యా రాత్రంతా ఆడి, తెల్లవారుజామున నిద్రపోయాడు. ఊరంతా కొవ్వొత్తులు పట్టుకొని చీకట్లో నిలబడింది. గంట మోగలేదు. ఎనిమిదికి ఇల్లు చేరిన దాసన్న వాడి కంప్యూటర్ ఎత్తుకుపోయి పాత నాపరాళ్ళ గనిగుంతలో పారేశాడు. "గంట కొట్టలేనోనికి ఈ ఇంట్లో చోటు లేదు" అన్నాడు. నెహెమ్యా ఒక సంచి సర్దుకొని పోయాడు. అప్పటి నుంచి దాసన్న ఆదివారం ఊరు దాటే కిరాయి ఒక్కటీ ఒప్పుకోలేదు. ఒక్క ఆదివారమూ గంట తప్పలేదు.

"వాడే," అంది విశ్వాసమ్మ. "నా నెహెమ్యానే. వానికి తప్ప ఆ మాట ఇంగెవురికి పుడతాది!"

"మెల్లగా అమ్మా, నాయన వసారాలో ఉండాడు."

కానీ వసారాలో గడ్డం గీసే కత్తి కింద పెట్టిన చప్పుడు, స్టూలు జరిగిన చప్పుడు అప్పటికే వినబడ్డాయి. దాసన్న గుమ్మంలోకి వచ్చాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంపకు సబ్బు నురగ.

"ఎవురి పేరు ఎత్తుతాండావు?"

దాసన్న చూపు తెర మీద పడింది. పేజీ పక్కన దిమ్మెలతో కట్టిన కొండ బొమ్మ ఒకటి ఉంది. ఆ దిమ్మెలను ఆయన ఈ జన్మకు మరిచిపోడు.

"ఇది ఆ ఆటే గదా?"

ఆన్‌లైన్ పని అనే మాట కృపమణి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"అవును నాయనా."

"ఓహో! పదహారు నెల్ల నుంచి నా కండ్ల ముందర కూచోని నువ్వు చేస్తాండేది ఇదా? వాని పెట్టెను గుంతలో పారేస్తి. కొంపలో ఇంగో పెట్టె ఉండాదని నాకేం తెలుసు! పిల్ల తలకాయ ఎత్తకుండా పని చేస్తాంది పాపం అనుకుంటి. మీ అమ్మకు గూడా తెలుసా? ఏం మే, నీకు తెలుసా?"

"తెలుసు," అంది విశ్వాసమ్మ. "నువ్వొక్కనివే తెలియనోనివి."

"నేను ఆడను నాయనా," అంది కృపమణి. ఆమె గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. ఇప్పుడు కూడా పెంచలేదు. "ఆడేటోళ్ళకు యాడ బాగుంటాదో చెప్తా. అంతే."

"అదొక పనా?"

"లారీ మీద పోయేటప్పుడు అన్నానికి నువ్వు యాడ నిలుపుతావు?"

"ఇప్పుడు దాని సంగతేంది?"

"చెప్పు నాయనా."

"పది లారీలు నిలిచిన కాడ నిలుపుతా. ఖాళీగా ఉండే ఓటల్లో నీళ్ళు గూడా తాగను."

"నేను చేసేదీ అదే. ఏ ఓటల్ ముందర ఎన్ని లారీలు నిలిచినాయో లెక్కపెట్టి రాసిపెడతా. మూసేసిన దాని కాడికి ఎవురూ ఊరికే పోకుండా ఎర్రచుక్క పెడతా. రోజుకు రెండు వేలమంది చూసి పోతాండారు."

ముప్పై ఏళ్ళు లారీ తోలిన మనిషికి ఆ పని విలువ అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది? అర్థమైనందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

"దానికీ, మీ అమ్మ ఎత్తిన పేరుకూ ఏం సంబంధం?"

కృపమణి తెరను ఆయన వైపు తిప్పి, వాక్యం కింద వేలు పెట్టి చదివింది. ఎవురూ సావలేదు, రాండి.

చెంప మీది నురగ కారి మెడ మీదికి జారింది. దాసన్న తుడుచుకోలేదు. "ఆ మాట ఊరందరికీ తెలుసు," అన్నాడు. "ఎవుడో పిలకాయ ఎగతాళికి పెట్టింటాడు."

"ఎవురైతేనేం, ఈడనే ఉండాడు నాయనా. దగ్గరలోనే."

"యాడ?"

అడిగేశాక ఆయనే ఉలిక్కిపడ్డాడు. పదహారు నెలల్లో మొదటిసారి అడిగిన ప్రశ్న అది. కృపమణి ఆ ప్రశ్నను గట్టిగా పట్టుకుంది.

"ఇది దూరం కిలోమీటర్లలో చెప్పదు. మన ఇంటి నుంచి ఒక కేక వేస్తే అది పోయి తిరిగి వచ్చేదానికి ఎంత సేపు పట్టిందో చెప్తుంది. పింగ్ అంటారు."

"అంతే గదా మరి. రాజంపేట ఎంత దూరమంటే లారీకి మూడు గంటలంటాం. కిలోమీటర్లు ఎవుడు చెప్తాడు?"

"ఐద్రాబాదులో ఉండే సర్వర్లకు మన ఇంటి నుంచి ఇరవై దాటుతాది. బొంబాయివైతే నలభై. దీనికి మూడు."

"మూడంటే?"

"నువ్వు రెప్ప కొట్టేదాంట్లో నూరో వంతు."

దాసన్న రెప్ప కొట్టాడు. చూసి విశ్వాసమ్మకు ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఇంత తక్కువ రావాలంటే కేక ఓబన్న తీగ దాటి బయటికి పోకూడదు," అంది కృపమణి. ఓబన్న ఎర్రగుంట్లలో కేబుల్ ఆఫీసు నడుపుతాడు. ఆ టౌనుకూ, చుట్టూ తొమ్మిది పల్లెలకూ ఇంటర్నెట్ ఇచ్చేది ఆయనే. "మనకొచ్చే తీగ మీదనే ఈ సర్వర్ ఉండాది. ఎర్రగుంట్లలోనన్నా ఉండల్ల, ఈ తొమ్మిది పల్లెల్లోనన్నా ఉండల్ల."

"నేను ఏ రాజ్యంలో ఉండాడో అనుకుంటి," అంది విశ్వాసమ్మ. "నా బిడ్డ నా పక్కనే ఉండాడా!"

"వాడో కాదో ముందు తేలల్ల," అన్నాడు దాసన్న. 'వాడు' అన్నాడు గానీ, పేరు ఎత్తలేదు. "నువ్వు దాంట్లోకి పోతావా?"

"పోతా."

"పో. చూస్తా."

సర్వర్లను తనిఖీ చేయడానికి ఆటను తన దగ్గర ఉంచుకోక తప్పదు కృపమణికి. లోపలికి పోయింది. తెర మీద ఎర్రటి నేల పరుచుకుంది. గడ్డి లేదు, చెట్లు తక్కువ. దూరంగా నాపరాళ్ళ గని అంచులు మెట్లు మెట్లుగా కనబడ్డాయి. వాటి పక్కన ఒక బాట. ఆ బాట వెంట ఆమె నడుస్తుంటే తల్లీ తండ్రీ ఇద్దరూ పీట దగ్గర కూర్చున్నారు. బాట మలుపు తిరిగింది.

చర్చి.

దిమ్మెలతో కట్టిందే. అయినా తమదే. గుమ్మం పైన కమాను, దాని ఎడమ వైపు బీటను కూడా ముదురు రంగు దిమ్మెలతో చూపించాడు. పక్కన గంటగది. అందులో పసుపుపచ్చని గంట.

"ఎవురైనా కట్టొచ్చు," అన్నాడు దాసన్న. గొంతులో బిగువు లేదు. "ఆ చర్చిని మనూరోళ్ళంతా చూసినోళ్ళే."

కృపమణి గంటగది వైపు తిరిగింది. అక్కడి నుంచి చర్చి వెనక భాగం కనబడింది. వెనక రేకుల చావిడి. మూడు నీలం రేకులు, చివర ఒక ఎర్ర రేకు.

"ఆగు!"

ఆయన అంత గట్టిగా అరవడంతో కృపమణి చేయి జారింది.

"ఆ రేకులు పోయిన నెలలో నేనేసినా. నీలం రేకు ఒకటి తక్కువ పడితే, మన గొడ్ల కొట్టం మీది ఎర్ర రేకు పీకి నేనే ఎక్కి బిగించినా. వాడు పోయినప్పుడు ఆ చావిడే లేదు."

"ఎవురన్నా ఫోటో పంపించింటారేమో," అంది విశ్వాసమ్మ భయం భయంగా. ఆశ ఎక్కువైతే ఆమెకు భయం.

"ముందర పక్క నుంచి ఎట్ల తీసినా ఆ ఎర్రది పడదు మే. గంటగది మెట్టు మీద నిలబడినోనికే అగుపడేది." దాసన్న తెర మీది మెట్టుకు వేలు ఆనించాడు. "వాడు వచ్చినాడు. ఆ మెట్టు మీద నిలబడినాడు. పోయిన నెలలో."

కృపమణికి గడియారం చప్పుడు వినబడింది. ప్రతి ఆదివారం ఎనిమిదింపావుకు ఎర్రబడే చుక్క ఆమెకు ఇప్పుడు అర్థమైంది. యంత్రం చెడిపోవడం లేదు. ఆరాధన వేళకు ఆట మూసేస్తున్నాడు. తొంభై ఎనిమిది దగ్గర ఆగిపోయిన ఆ నమ్మకం లెక్కను తాను ఎంత తప్పుగా చదివింది!

గంటగది వెనక నుంచి ఒక దిమ్మెల మనిషి నడిచొచ్చాడు. తల మీద పేరు: రెండోగంట. కృపమణి తల మీద ఆమె పేజీ పేరే ఉంటుంది: సంత. ఆ మనిషి ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడి అట్లాగే చూస్తూ ఉండిపోయాడు.

"నీ పేరు తెలుసు వానికి," అంది విశ్వాసమ్మ గుసగుసగా. "నీకు కనపడల్లనే ఈ అంగడి పెట్టినాడు."

కృపమణి వేళ్ళు అక్షరాల మీదికి పోయాయి. దాసన్న ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆపడానికో, ఆసరాకో ఆమెకు తెలియలేదు.

అంతలో తెర అడుగున అక్షరాలు పడ్డాయి. కృపమణి చదివింది.

"గంట టైమయింది. ఆట మూస్తాండా. పదకొండుకు రాండి."

చర్చి, గంట, ఎర్ర రేకు, ఆ మనిషి అన్నీ ఒక్కసారిగా మాయమైపోయాయి. పేజీలో పచ్చచుక్క ఎర్రబడింది. గోడ గడియారంలో ఎనిమిదింపావు.

దాసన్న లేచాడు. భుజం మీది తువ్వాలుతో చెంప మీది నురగ తుడిచేశాడు. ఆ చెంప గీయనే లేదు. చొక్కా తొడుక్కున్నాడు, గుండీ ఒకటి తప్పింది. గుమ్మం పక్కన మేకుకు గంటగది తాళంచెవి వేలాడుతుంటుంది. పదహారు నెలలుగా ప్రతి ఆదివారం, చూడకుండానే ఆయన చేయి దాని మీదికి పోతుంది. ఇప్పుడూ పోయింది. తాళంచెవిని పట్టుకొని ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత వదిలేశాడు.

విశ్వాసమ్మ పిలవబోయి, చింతపండు చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది.

దాసన్న చెప్పులేసుకొని గడప దాటాడు. చర్చి సందు వైపు తిరగలేదు. ఓబన్న ఆఫీసున్న ఎర్రగుంట్ల రోడ్డు పట్టాడు.

మొదటి గంటకు ఇంకా పావుగంట కూడా లేదు. మేకుకు తాళంచెవి ఊగుతూనే ఉంది.